కిలోల లెక్క చాలదు: ఈ-వ్యర్థాల చట్టాలు రాసేవారికి బహిరంగ లేఖ

వివిధ దేశాల పర్యావరణ మంత్రులకు, ఈ-వ్యర్థాల (పారేసిన కరెంటు, ఎలక్ట్రానిక్ సామాను) నిబంధనలు తయారుచేసే అధికారులకు, ప్రమాదకర వ్యర్థాలను దేశాల మధ్య పంపడాన్ని నియంత్రించే బాసెల్ ఒప్పందం సమావేశాల్లో తమ ప్రభుత్వాల తరఫున కూర్చునే ప్రతినిధులకు,

నమస్కారం.

నేను ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే పనిలో ఉన్నవాణ్ణి. పాడైన సామానుతోనే నా బతుకు కాబట్టి, ఆ సామాను చివరికి ఎక్కడికి పోతుందో, దాని గురించి చట్టాలు ఏం చెబుతున్నాయో చదవడం అలవాటైంది. మీ ముందు ఒకే ఒక్క విన్నపం పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను. మీరు పెట్టుకున్న లక్ష్యాలు దాదాపు అన్నీ బరువు మీద నడుస్తున్నాయి. ఎన్ని టన్నులు అమ్మారు, ఎన్ని టన్నులు సేకరించారు, ఎన్ని టన్నులు రీసైకిల్ చేశారు అనేదే లెక్క. దయచేసి ఈ కొలతను మార్చండి. కొలత సరిగా లేకపోతే, చట్టం ఎంత గట్టిదైనా కంపెనీలూ రీసైక్లర్లూ ఆ కొలతకు తగ్గట్టే పనిచేస్తారు తప్ప, మీరు కాపాడాలనుకున్న నేలకూ నీటికీ మనుషులకూ దాని వల్ల ఒరిగేది తక్కువ.

చట్టాలే లేవని నేను అనడం లేదు. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన ప్రపంచ ఈ-వ్యర్థాల నివేదిక ప్రకారం, 2023 నాటికి 81 దేశాల్లో దీనిపై ఏదో ఒక విధానమో చట్టమో ఉంది. వాటిలో 67 దేశాలు తయారీదారులే బాధ్యత తీసుకోవాలన్న సూత్రాన్ని చేర్చుకున్నాయి. సేకరణకు లక్ష్యం పెట్టుకున్నవి 46, రీసైక్లింగ్‌కు లక్ష్యం పెట్టుకున్నవి 36. ఇన్ని ఉన్నా, 2022లో ప్రపంచం పారేసిన 6 కోట్ల 20 లక్షల టన్నుల్లో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతమే. 2010 నుంచి చూస్తే వ్యర్థాలు 82 శాతం పెరిగాయి. 2030కి అవి 8 కోట్ల 20 లక్షల టన్నులకు చేరతాయని, రీసైక్లింగ్ వాటా 20 శాతానికి తగ్గుతుందని అదే నివేదిక అంచనా వేసింది. దీన్ని అమలు లోపం అని తేల్చేయడం నాకు సరిగా అనిపించదు. అమలు లోపం ఉంది, కాదనను. కానీ బాగా అమలైన చోట కూడా ఏం అమలైందో చూడాలి.

తయారీదారు బాధ్యత అనే ఆలోచన ఎందుకు పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1990లో స్వీడన్‌లోని లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ ఆ దేశ పర్యావరణ శాఖకు ఇచ్చిన నివేదికలో దీన్ని ప్రతిపాదించాడు. చెత్త ఎత్తడానికి కంపెనీల నుంచి డబ్బు రాబట్టడం ఒక్కటే అందులో ఉద్దేశం కాదు. తన వస్తువు పాడయ్యాక దాన్ని విప్పే ఖర్చు తనే భరించాల్సి వస్తే, కంపెనీ దాన్ని సులువుగా విప్పగలిగేలా, తక్కువ విషంతో, ఎక్కువ కాలం మన్నేలా తయారుచేస్తుంది. అంటే బాధ్యత డిజైన్ చేసే బల్ల దగ్గరికి చేరాలి. ఆ ఆలోచనకు ప్రాణం అక్కడే ఉంది.

ఆ తర్వాత జరిగింది వేరు. కంపెనీలన్నీ కలిసి ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకుని, మార్కెట్లో తమ వాటాను బట్టి, అమ్మిన బరువును బట్టి దానికి ఫీజు కట్టడం మొదలుపెట్టాయి. స్క్రూలతో బిగించిన ల్యాప్‌టాప్ తయారుచేసే కంపెనీ, బ్యాటరీని జిగురుతో బాడీకి అతికించేసే కంపెనీ కిలోకు ఒకే ఫీజు కడితే, మొదటి కంపెనీకి స్క్రూలు వాడినందుకు మిగిలిందేమిటి? ఫ్రాన్స్ లాంటి కొన్ని దేశాలు మన్నికను బట్టి ఫీజులో హెచ్చుతగ్గులు పెట్టాయి. మంచి పనే. కానీ వస్తువు ధరతో పోలిస్తే ఆ తేడా చాలా చిన్నది. దాన్ని చూసి ఇంజనీర్ల చేత డిజైన్ మార్పించే కంపెనీ ఉంటుందని నేను అనుకోను.

యూరప్‌నే తీసుకోండి. ఈ విషయంలో అందరికంటే ముందు నడిచింది వాళ్లే కాబట్టి. ఈ-వ్యర్థాలపై సభ్యదేశాలన్నీ పాటించాల్సిన యూరోపియన్ యూనియన్ మొదటి ఆదేశం 2002లో, దాని సవరణ 2012లో వచ్చాయి. గత మూడేళ్లలో అమ్మిన సరుకు సగటు బరువులో 2016 నుంచి 45 శాతం, 2019 నుంచి 65 శాతం వెనక్కి సేకరించాలన్నది నియమం. చాలా సభ్యదేశాలు 65ను అందుకోలేకపోయాయి. ఎందుకు అందుకోలేదని విమర్శించేవాళ్లు చాలామంది ఉన్నారు. నా ప్రశ్న దానికి ముందుది. అందుకుంటే మాత్రం ఏం చేతికొచ్చినట్టు?

వాషింగ్ మెషీన్ లోపల చూడండి. తిరిగేటప్పుడు కదిలిపోకుండా బరువు కోసం చాలావాటిలో కాంక్రీటు దిమ్మె పెడతారు. మిగతాది ఎక్కువగా ఇనుము, ప్లాస్టిక్. ఒక మెషీన్ వెనక్కి వస్తే కొన్ని వందల స్మార్ట్‌ఫోన్లు వచ్చినంత బరువు లెక్కలో పడుతుంది. లక్ష్యం టన్నుల్లో ఉన్నప్పుడు సేకరించే సంస్థ దేని వెంట పడుతుంది? ఇళ్ల సొరుగుల్లో మూలుగుతున్న ఫోన్ల కోసం తిరగదు. పైన చెప్పిన ఐక్యరాజ్యసమితి నివేదికలోని అంకెల్లో ఇది కనిపిస్తుంది. పెద్ద పరికరాల్లో 34 శాతం రీసైక్లింగ్‌కు చేరుతుంటే, చిన్న పరికరాల్లో 12 శాతమే చేరుతోంది. ఈ చిన్నవాటి మొత్తం తక్కువేమీ కాదు, ఏడాదికి దాదాపు 2 కోట్ల టన్నులు. ఇస్త్రీపెట్టెలు, ట్రిమ్మర్లు, బొమ్మలు, ఈ-సిగరెట్లు అన్నీ ఇందులోవే. చాలావాటిలో లిథియం బ్యాటరీ ఉంటుంది. మామూలు చెత్తతో కలిసి నలిగినప్పుడు చెత్త లారీల్లో, రీసైక్లింగ్ కేంద్రాల్లో మంటలు పుట్టించేవి ఆ బ్యాటరీలే.

ఫ్రిజ్ సంగతి ఇంకా బాధాకరం. పాత ఫ్రిజ్‌లలో సీఎఫ్‌సీ-12 అనే వాయువు ఉండేది. ఓజోన్ పొరకు అది చేసే హాని చూసే 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 10,000 రెట్లు శక్తివంతం. అంటే వంద గ్రాములు గాల్లో కలిస్తే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. ఫ్రిజ్ గోడల్లోని ఫోమ్‌లోనూ ఆ జాతి వాయువే ఉంటుంది. పాత ఫ్రిజ్ తుక్కుకు వెళ్లగానే, రాగి కోసమూ ఇనుము కోసమూ చాలాచోట్ల ముందు కంప్రెసర్‌ను కోసేస్తారు. వాయువు అప్పుడే పోతుంది. మిగిలిన డొక్కు మొత్తం రీసైక్లింగ్‌కు వెళితే బరువు లెక్కలో 99 శాతానికి పైగా విజయం సాధించినట్టే. జరగాల్సిన నష్టం మాత్రం మొత్తం జరిగిపోయింది. పాత ఎల్‌సీడీ టీవీల వెనక వెలిగే సన్నటి ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, అది మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది. ఆ ట్యూబులు పగిలినా పగలకపోయినా కిలోల లెక్క ఒకటే. ఏటా 58 టన్నుల పాదరసం ఈ-వ్యర్థాల నుంచి బయటికి పోతోందని ఆ నివేదిక చెబుతోంది. ముందుగా విడిగా తీయాల్సిన భాగాల జాబితా కొన్ని చట్టాల్లో ఉన్న మాట నిజమే. కానీ లక్ష్యం, జరిమానా, ఏటా ప్రకటించే ఘనత అన్నీ బరువు మీదే ఆధారపడినప్పుడు ఆ జాబితా అనుబంధంలోనే ఉండిపోతుంది.

ఇక లోహాలు. రీసైక్లింగ్ అనగానే బంగారం గుర్తొస్తుంది. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ ప్రజలు 2017 నుంచి 2019 వరకు దాదాపు 79 వేల టన్నుల పాత పరికరాలు, 62 లక్షల ఫోన్లు ఇచ్చారు. వాటి నుంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు తీశారు. గొప్ప ప్రయత్నం. ఏం చేయబోతున్నారో స్పష్టంగా చెబితే జనం సొరుగులు తెరుస్తారని అది చూపించింది. అయితే బంగారం, రాగి, ఇనుము తీయడానికి చట్టం తొందరపెట్టక్కర్లేదు. వాటికి ధర ఉంది కాబట్టి మార్కెట్ తనంతట తనే తీస్తుంది. చట్టం అవసరమయ్యేది మార్కెట్ వదిలేసేవాటి కోసం.

ఒక సర్క్యూట్ బోర్డును పెద్ద రాగి కొలిమిలో వేస్తే రాగి కరిగి కిందికి దిగుతుంది, బంగారం, వెండి, పల్లాడియం దానితో పాటే వస్తాయి. వాటిని తర్వాత విడదీస్తారు. బోర్డు మీది చిన్న చిన్న కెపాసిటర్లలో ఉండే టాంటలం అనే లోహం అలా రాదు. ఆక్సిజన్‌తో కలిసి, పైకి తేలే మడ్డిలో చేరిపోతుంది. స్పీకర్లలో, ఫోన్‌ను వణికించే మోటార్లలో, హార్డ్ డిస్కుల్లో ఉండే నియోడిమియం అయస్కాంతాలదీ అదే గతి. ఆ మడ్డిని రోడ్ల కింద, నిర్మాణాల్లో వాడేస్తారు. ఇక దాన్ని మళ్లీ తీయడం కల్ల. ప్రపంచానికి కావలసిన, నియోడిమియం లాంటి రేర్ ఎర్త్ లోహాల్లో ఈ-వ్యర్థాల నుంచి వస్తున్నది 1 శాతం మాత్రమే. గాలిమరలకూ ఎలక్ట్రిక్ వాహనాలకూ ఇవే లోహాలు కావాలి. ఒకపక్క వీటి కోసం కొత్త గనులు తవ్వుతున్నాం, ఇంకోపక్క ఉన్నవాటిని మడ్డిలో పారబోస్తున్నాం. బరువు లెక్కలో ఈ నష్టం కనబడదు, ఎందుకంటే ఒక ఫోన్‌లో ఇవి గ్రాముల్లో, మిల్లీగ్రాముల్లో ఉంటాయి. పైగా బోర్డును విప్పకుండా యంత్రంలో వేసి నుజ్జు చేస్తే బంగారంలోనూ చెప్పుకోదగ్గ భాగం దుమ్ములో, ప్లాస్టిక్ ముక్కల్లో కలిసిపోతుంది. చేత్తో విప్పి బోర్డును వేరుగా పంపితే దక్కేది ఎక్కువ.

చేత్తో విప్పేవాళ్ల గురించి చెప్పాలి. వాళ్ల గురించి మీ నిబంధనల్లో కనిపించే పదం దాదాపు ఒక్కటే: అనధికారిక రంగం. చైనాలోని గుయియూలో ఏళ్ల తరబడి బొగ్గు పొయ్యిల మీద బోర్డులు కాల్చారు, ఎసిడ్‌లో ముంచి బంగారం తీశారు. అక్కడి పిల్లల రక్తంలో సీసం పక్క ఊళ్ల పిల్లల కంటే ఎక్కువగా ఉందని పరిశోధకులు కొలిచి చెప్పారు. ఘనా రాజధాని అక్రాలోని అగ్బొగ్‌బ్లోషీలో కుర్రాళ్లు రాగి కోసం వైర్ల కట్టలు తగలబెట్టేవారు. పీవీసీ తొడుగు కాలేటప్పుడు రాగి తోడై డయాక్సిన్లు పుడతాయి. మనిషికి తెలిసిన ఘోరమైన విషాల్లో అవి ఉన్నాయి. వ్యర్థాల పని కూడా కలిసిన అనధికారిక పారిశ్రామిక రంగంలో 1 కోటి 80 లక్షలకు పైగా పిల్లలు ఉన్నారని, అనధికారిక వ్యర్థాల రంగంలో 1 కోటి 29 లక్షల మంది దాకా ఆడవాళ్లు పనిచేస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్చరించింది. వాళ్లలో గర్భిణులు, పిల్లల్ని కనే వయసువాళ్లు ఉన్నారు.

2021 జులైలో అగ్బొగ్‌బ్లోషీ తుక్కు యార్డును కూల్చేశారు. తుక్కు ఏరేవాళ్లు చెదిరిపోయారు, పని ఆగలేదు. నా మనసుకు ఇది పెద్ద పాఠంగా తోస్తుంది. వాళ్లను తరిమితే పొగ ఇంకో వీధికి మారుతుంది. వాళ్లకు ఏం తీయాలో, ఎలా విప్పాలో తెలుసు. ఇళ్ల నుంచి సామాను సేకరించడంలో వాళ్లను మించిన యంత్రాంగం ఏ ప్రభుత్వం దగ్గరా లేదు. వాళ్లు క్షేమంగా చేయలేనివి ఎసిడ్ పని, కాల్చే పని. ఆ రెండూ వాళ్ల చేతుల్లోంచి పోవాలంటే, కాల్చని వైరుకూ ముంచని బోర్డుకూ మంచి ధర దొరకాలి. అది ఫీజుల డబ్బుతో చేయగలిగిన పని. ఇప్పుడు ఆ డబ్బు కిలోల లెక్కన రశీదు చూపించగలిగిన సంస్థలకే వెళుతోంది. రశీదు రాయడం రాని మనిషి తెచ్చిన వంద కిలోలు లెక్కలోకి రావాలంటే ఎవరో ఒకరు దాన్ని తమ పేరున రాసుకోవాలి. విలువైన బోర్డులు, రాగి తీసుకుని, సీసం నిండిన పాత పిక్చర్ ట్యూబును, బ్రోమిన్ కలిపిన ప్లాస్టిక్‌ను వాగు ఒడ్డున పారేస్తే ఎవరి జేబుకూ నష్టం లేదు. ఆ రెండింటిని క్షేమంగా తెచ్చి ఇస్తే మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వరు. ముందు డబ్బు చెల్లించాల్సింది వాటికే. బంగారానికి ఎలాగూ కొనేవాళ్లున్నారు.

సరిహద్దుల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 1989లో బాసెల్ ఒప్పందం కుదిరింది, 1992లో అమల్లోకి వచ్చింది. ఘనా, స్విట్జర్లాండ్ కలిసి ప్రతిపాదించిన సవరణల వల్ల, 2025 జనవరి 1 నుంచి ప్రమాదకరమైనదైనా కాకపోయినా ఏ ఈ-వ్యర్థాన్నీ దిగుమతి చేసుకునే దేశం ముందస్తు సమ్మతి లేకుండా పంపకూడదు. ఈ పని చేసినందుకు మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మిగిలిన సందు ఒక్కటే: వాడిన వస్తువులు అన్న పేరు. వాడిన కంప్యూటర్ల వ్యాపారం ఆగిపోవాలని నేను కోరను. కొత్తది కొనలేని విద్యార్థికి అదే ఆధారం. కానీ కంటైనర్‌లో పైవరసలో పనిచేసేవి పెట్టి కింద డొక్కులు నింపితే అది దానం కాదు. పంపే ముందు ఒక్కో వస్తువును ఆన్ చేసి పరీక్షించి, ఆ ఫలితం వస్తువు సీరియల్ నంబర్‌తో సహా రాసి పంపాలి. ఇక్కడ కూడా లెక్క వస్తువుల్లో ఉండాలి, టన్నుల్లో కాదు. ఒప్పందాన్ని ధ్రువీకరించని అమెరికా లాంటి దేశాల నుంచి వచ్చే సరుకు విషయంలో దిగుమతి చేసుకునే రేవులోనైనా ఈ పరీక్ష తప్పనిసరి చేయండి.

ఇప్పుడు నా పనికి వస్తాను. నన్ను ఈ లేఖ రాయించింది ఇదే.

ఒక ఫోన్ బ్యాటరీ మార్చి, ఛార్జింగ్ పోర్టు సోల్డరింగ్ చేసి ఇస్తే అది ఇంకో మూడేళ్లు నడుస్తుంది. ఆ మూడేళ్లలో కొత్త ఫోన్ కొనాల్సిన పని ఉండదు. ఫోన్ వల్ల కలిగే కాలుష్యంలో అధిక భాగం అది తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది, ఛార్జింగ్ పెట్టుకునే కరెంటుది చిన్న వాటా. కాబట్టి ఆ మూడేళ్ల ఆయుష్షు రీసైక్లింగ్ కంటే ఎన్నో రెట్లు మేలు. కానీ కిలోల లెక్కలో దాని విలువ సున్నా. ఇంకా చెప్పాలంటే సున్నా కంటే తక్కువ. బాగుచేసిన ప్రతి ఫోన్, లక్ష్యం కోసం సేకరించే లెక్కలోంచి ఒక ఫోన్‌ను తగ్గిస్తుంది. రెండేళ్లకే పాడైపోయే వస్తువులు అమ్మి వాటిని వెనక్కి తీసుకుంటే లక్ష్యం త్వరగా నిండుతుంది. పదేళ్లు మన్నేవి అమ్మితే నిండదు. పర్యావరణం పేరుతో రాసిన చట్టంలో ఇలాంటి లెక్క ఎలా నిలిచిందో నాకు అంతుపట్టదు.

రిపేరును కష్టం చేసే పద్ధతులు నా బల్ల మీద రోజూ చూస్తాను. హీట్ గన్‌తో వేడి చేస్తే తప్ప ఊడని బ్యాటరీలు. బోర్డుకే అతికించేసిన ర్యామ్, స్టోరేజ్. ఒక చిప్ పోతే మొత్తం పోయినట్టే. అన్నిటికంటే దారుణం భాగాలను సాఫ్ట్‌వేర్‌తో కట్టేయడం. కొన్ని కంపెనీలవైతే, రెండు ఒకే మోడల్ ఫోన్లు తీసుకుని, ఒకదాని అసలు డిస్‌ప్లేను ఇంకోదానికి బిగిస్తే, భాగం నిజమైనదే అయినా కొన్ని ఫీచర్లు పనిచేయవు. కంపెనీ సర్వర్ ఆమోదించలేదు కాబట్టి. చచ్చిన ఫోన్లలోని మంచి భాగాలు బతికున్న ఫోన్లకు పనికిరాకుండా చేసిన ఏర్పాటు ఇది. అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రం 2024లో దీన్ని చట్టంతో నిషేధించింది. ఒక రాష్ట్రం చేయగలిగినప్పుడు దేశాలు ఎందుకు చేయలేవు?

సాఫ్ట్‌వేర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ నిలిపేసింది. విండోస్ 11కు కావలసిన ప్రాసెసర్, సెక్యూరిటీ చిప్ నియమాల వల్ల, బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో దానికి మారలేవు. వాటిలో ఒక్క భాగమూ పాడవలేదు. ఆ తేదీ అంతర్జాతీయ ఈ-వ్యర్థాల దినం కూడా. ఏ ఈ-వ్యర్థాల చట్టమూ ఆ నిర్ణయాన్ని ఒక్క మాట అడగలేకపోయింది, ఎందుకంటే ఆ చట్టాలు వస్తువు చెత్తబుట్టలో పడ్డాకే కళ్లు తెరుస్తాయి.

దారి చూపినవాళ్లు లేకపోలేదు. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీల మీద, ఎంత సులువుగా బాగుచేయొచ్చో చెప్పే రిపేరు సూచీని పదికి ఎన్ని మార్కులో చూపించాలని తప్పనిసరి చేసింది. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి స్మార్ట్‌ఫోన్లకు, టాబ్లెట్లకు కొత్త నియమాలు తెచ్చింది. ఆ మోడల్ అమ్మకం ఆపాక కూడా ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి, ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి, 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగలాలి. 2027 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులతో, పరికరాల్లోని బ్యాటరీలను వాడుకునేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. ఇవన్నీ చదివినప్పుడు నా పనికి గౌరవం దక్కినట్టు అనిపించింది. కానీ గమనించండి, ఇవి ఎక్కువగా ఉత్పత్తుల చట్టాల్లో ఉన్నాయి, ఈ-వ్యర్థాల సేకరణ లక్ష్యాలు పెట్టిన చట్టంలో లేవు. రెండూ వేర్వేరు శాఖల్లో, వేర్వేరు లెక్కలతో నడుస్తున్నాయి. విడిభాగాలు ఏడేళ్లు ఇచ్చిన కంపెనీకి వ్యర్థాల లక్ష్యంలో ఏ వెసులుబాటూ లేదు.

బరువు కాకుండా ఇంకేదీ కొలవలేమని అధికారులు అనడం విన్నాను. తూకం వేయడం సులువు, మోసం చేయడం కష్టం అంటారు. మొదటి మాట నిజం. రెండోది అంత నిజం కాదు, ఇనుప తుక్కు కలిపితే ఏ తూకమైనా పెరుగుతుంది. వేరే కొలతలు సాధ్యమేనని ఇప్పటికే రుజువైంది. యూరప్ 2023 బ్యాటరీల చట్టంలో ఒక్కో లోహానికి ఒక్కో లక్ష్యం ఉంది. లిథియం 2027 చివరికి 50 శాతం, 2031 చివరికి 80 శాతం. కోబాల్ట్, నికెల్, రాగి మొదట 90, తర్వాత 95 శాతం. బ్యాటరీ విషయంలో చేయగలిగింది అయస్కాంతం విషయంలో ఎందుకు చేయలేం? భారతదేశం 2022 నిబంధనల్లో, తుక్కు ఎంత వచ్చిందన్నది కాక, దాని నుంచి ఎంత బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం తీశారన్నదాన్ని బట్టి, కంపెనీలు తమ బాధ్యత తీర్చుకున్నట్టు చూపడానికి కొనే సర్టిఫికెట్లు రీసైక్లర్లకు ఇచ్చే పద్ధతి పెట్టింది. వస్తువును బాగుచేసి ఆయుష్షు పెంచితే కంపెనీ బాధ్యతను వాయిదా వేసే వీలు కూడా ఆ నిబంధనల్లో ఉంది. ఆలోచన సరైన దిక్కులోనే ఉంది. నాకున్న అభ్యంతరం ఆ నాలుగు లోహాలు మార్కెట్ ఎలాగూ వదలనివే కావడం. నియోడిమియం, టాంటలం, కోబాల్ట్ ఆ జాబితాలో చేరితే దానికి అర్థం వస్తుంది.

ఖర్చు ఎవరు భరించాలన్నదానిపై కూడా నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. వస్తువు కొనేటప్పుడే, ధరలో భాగంగా ఫీజు వసూలు చేయాలి. పారేసేటప్పుడు డబ్బు అడిగితే కొందరు చీకట్లో తీసుకెళ్లి పొదల్లో పడేస్తారు. ఆ ఫీజు కంపెనీలన్నిటికీ కిలోకు ఒకే రేటు కాకుండా, బ్యాటరీ ఊడుతుందా, విడిభాగాలు దొరుకుతాయా, అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారు అనేదాన్ని బట్టి కొనేవాళ్లకు కంటపడేంత తేడాతో ఉండాలి. జనం పాత ఫోన్ ఇవ్వడానికి వెనకాడే అసలు కారణం అందులోని ఫొటోలు, బ్యాంకు వివరాలు. నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది దాని గురించే. డేటా పూర్తిగా చెరిపినట్టు సీరియల్ నంబర్‌తో ధ్రువపత్రం ఇవ్వడం ప్రతి సేకరణ కేంద్రానికీ తప్పనిసరి చేయండి. సొరుగుల్లో ఉన్నవి వాటంతట అవే బయటికి వస్తాయి.

బాసెల్ ఒప్పందం సభ్యులుగా మీరు ఏటా జాతీయ నివేదికలు పంపుతారు. రెండేళ్లకోసారి కలుస్తారు. వచ్చే సమావేశంలో ఆ నివేదిక ఫారంలో టన్నుల కాలమ్‌ను ఉంచుతూనే, దాని పక్కన ఇంకో నాలుగు చేర్చాలని కోరుతున్నాను: పాత ఫ్రిజ్‌లు, ఏసీల నుంచి ఎంత వాయువు పట్టి నాశనం చేశారు, పాదరసం, సీసం, బ్రోమిన్ ప్లాస్టిక్ ఎంత సురక్షితంగా వేరు చేశారు, మార్కెట్ వదిలేసే లోహాలు ఎన్ని కిలోలు తిరిగి వచ్చాయి, ఎన్ని వస్తువులు బాగై మళ్లీ వాడకంలోకి వెళ్లాయి. చివరి కాలమ్ కోసం మాలాంటి రిపేరు పనివాళ్లను నమోదు చేసుకోండి, మేం లెక్క ఇస్తాం. తుక్కు విప్పేవాళ్లనూ నమోదు చేసుకోండి, వాళ్ల రక్తపరీక్షలకు ఫీజుల డబ్బులోంచి కొంత కేటాయించండి.

మొదటి ఏడాది ఆ గడులు చాలావరకు ఖాళీగానే వస్తాయి. ఖాళీలతోనే నివేదికను ప్రచురించండి. ఏ దేశంలో ఏ గడి ఖాళీగా ఉందో కనిపిస్తే, అక్కడి పౌరులూ విలేకరులూ కోర్టులూ దాని గురించి అడగడం మొదలుపెడతారు.

ఇట్లు,
రిపేరు పనిలో ఉన్న ఒక పౌరుడు